కూరతోటకు ఇంటి గింజలు

నాబోతు ద్రాక్షతోటను అహాబు రాజు ఎందుకు అడిగాడో మనలో చాలామందికి గుర్తుండదు. యెజెబెలు పన్నిన కుట్ర గుర్తుంటుంది, కుక్కలు రక్తం నాకిన సంగతి గుర్తుంటుంది. రాజుకు కావలసినది మాత్రం ఒక కూరతోట (1 రాజులు 21:2). తన నగరును ఆనుకొని, చేతికి అందే దూరంలో కూర పెంచుకోవాలని అతని కోరిక. ఆ కోరికలో తప్పు లేదు; ఇంకొకని పిత్రార్జితం మీద కన్ను వేయడమే తప్పు. ఇశ్రాయేలును ఏలిన రాజుకు కూడా ఎక్కడినుండో తెచ్చిన కూర సరిపోలేదు, ఇంటి పక్కన కోసుకున్న కూరే కావాలనిపించింది చూడండి!

కూరతోట ప్రస్తావన మోషే ప్రసంగంలో కూడా వస్తుంది. ఐగుప్తులో కూరతోటకు కాలితో నీరు కట్టినట్టు పొలమంతటికీ కట్టుకోవలసి వచ్చేదనీ, వెళ్ళబోయే దేశం వానమీద ఆధారపడిన దేశమనీ ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో ప్రజలకు తెలియజేశాడు. ఇక దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనం వద్దని శాకధాన్యాదులు అడిగి పుచ్చుకున్నారు గదా, అక్కడ హెబ్రీ భాషలో ఉన్న మాటకు 'విత్తగా వచ్చినవి' అని అర్థం. విత్తనం అనే మాటలోనుండే అది పుట్టింది. చెరలో ఆ నలుగురు కుర్రవాళ్ళ ముఖాలు కళగా ఉన్నాయంటే అది గింజ వేసి పండించుకున్న తిండి వల్లనే. బబులోను చెరలో ఉన్న మిగిలిన వారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోనూ తోటలు వేసుకోమన్న మాట ఉంది (29:5).

ఈ నెల మన పెరటి తోట గురించి, అందులోనూ ముఖ్యంగా గింజ గురించి వ్రాయదలచాను. నర్సరీలో మొక్క కొని తెచ్చి పాతడం ఎవరైనా చేస్తారు. గింజ నుండి పెంచి, మళ్ళీ గింజ కట్టుకొని, మరుసటి యేడు అదే గింజ వేసుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్య. అది ఇప్పుడు మన ఇళ్ళలోనుండి మెల్లగా పోతున్నది.

దొడ్డి ఉండి కూర కొనుక్కోవడం

మన నక్కపల్లి చుట్టుపక్కల ఇళ్ళకు దొడ్డి బొత్తిగా లేకపోవడం అరుదు. రెండు సెంట్లయినా ఉంటుంది. అదీ లేకపోతే కుళాయి పక్కన, స్నానం నీరు పోయే కాలువ గట్టున బారెడు చోటు ఉంటుంది. అయినా పెద్దరోడ్డు దగ్గర సంచి పట్టుకొని పావుకిలో బెండకాయలకు బేరమాడే మన సహోదరీలను రోజూ చూస్తున్నాను. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటినప్పుడు చాలా ఇళ్ళలో చింతపండు చారుతోనే నెల గడిచింది. ఆ నెలలో దొడ్డిలో నాలుగు టమాటా మొక్కలున్న ఇల్లు ధనవంతుల ఇల్లే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూర అయి ఉండాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు! ఇది విని మా సంఘంలో ఒక సహోదరి నవ్వింది. నవ్వక ఏమి చేస్తుంది? కూలి డబ్బులతో రోజూ రెండు కిలోలు కొనే కుటుంబాలు మన సంఘాలలో ఎన్ని ఉంటాయి? 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువని తేలింది. గర్భిణీ స్త్రీల కోసం ప్రార్థన చేయండని నా దగ్గరకు వచ్చేవారిలో ఈ రక్తం తక్కువ కేసులే ఎక్కువ. ప్రార్థన చేస్తాను. ఐరన్ మాత్రలు మానవద్దంటాను. దొడ్డిలో తోటకూర గింజలు చల్లారా అని కూడా అడుగుతాను.

ఒక్క సెంటు దొడ్డి ఆ రెండు కిలోలూ ఇవ్వలేదు. ఆకుకూర వరకు చాలా భాగం ఇస్తుంది. తోటకూర గింజ చల్లిన 25, 30 రోజులకు పీకి వండుకోవచ్చు. గోంగూర, బచ్చలి నెలల తరబడి కోసుకోవచ్చు. ఒక ములగ చెట్టు కాయకు కాయ, ఆకుకు ఆకు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మన మండలంలో పరిశ్రమల నడవా కోసం భూములు ఇచ్చిన కుటుంబాలు ఉన్నాయి. మందుల తయారీ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. దాని మంచిచెడ్డలు చర్చించడం ఈ వ్యాసం పని కాదు. జీడితోట, కొబ్బరిచెట్లు, పశువుల సాల విడిచి కొత్త కాలనీలో చిన్న స్థలంలో ఇల్లు కట్టుకొన్నవారిని మాత్రం నేను దర్శిస్తుంటాను. అట్టి ఒక ఇంట్లో కొత్త గోడకు మేకు కొట్టి ఒక పాత ఆనపబుర్ర వేలాడదీసి ఉన్నది. ఏమిటమ్మా అని అడిగితే ఆ వృద్ధురాలు, "మా అత్తగారి నాటి గింజలండి అయ్యగారూ. చెట్లు ఎలాగా తెచ్చుకోలేం గదా, గింజలైతే తెచ్చుకోవచ్చని తెచ్చీసేనండి" అన్నది. అందులో ఆనప, బీర, పొట్ల గింజలు బూడిదలో కలిపి వేరువేరు గుడ్డమూటలుగా ఉన్నాయి. గుమ్మం ముందు ఆరడుగుల చోటులో అప్పటికే పందిరి రాటలు పాతించింది.

గింజ లోపల ఏమున్నది

ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు చెట్లను మాత్రమే గాక విత్తనాలిచ్చు చెట్లను కలుగజేశాడని రెండు మూడు సార్లు చెప్పబడినది. విత్తనం లేకుండా సృష్టి ఆ ఒక్క సంవత్సరంతోనే ఆగిపోయి ఉండేది. గింజ అంటే నిద్రపోతున్న ఒక చిన్న మొక్క, దాని పక్కన సద్దిమూట, పైన దుప్పటి. చిక్కుడు గింజను రాత్రి నానబెట్టి తెల్లవారి తొక్క తీసి రెండుగా విప్పితే ఇది కంటికే కనిపిస్తుంది. మూలన ముక్కులాగ వంగి ఉన్నదే మొక్క. రెండు బద్దలూ దాని ఆహారం. మీ పిల్లలకు ఆదివారపు బడిలో ఇది ఒకసారి చూపించండి.

గింజ లేవడానికి కావలసినవి నీరు, గాలి, వెచ్చదనం. ఎరువు అప్పుడు అక్కరలేదు, సద్దిమూట ఉన్నది గదా. మడి నిండా నీరు నిలిపితే గాలి అందక గింజ కుళ్ళిపోతుంది. మన వాళ్ళు ప్రేమకొద్దీ నీళ్ళు పోసి చంపే గింజలే ఎక్కువ!

గింజ ఎంతకాలం బ్రదుకుతుంది? యూదయ ఎడారిలో మసాదా కోట శిథిలాలలో 1960లలో త్రవ్వకాలు జరిపినప్పుడు ఖర్జూరపు గింజలు దొరికాయి. దాదాపు రెండు వేల సంవత్సరాల నాటివి. వాటిలో ఒకదానిని 2005లో ఇశ్రాయేలులో నాటితే మొలిచింది. దానికి మెతూషెల అని పేరు పెట్టారు. అది మగ చెట్టు. అలాగే పాత గింజనుండి మొలిచిన హన్నా అనే ఆడ చెట్టు, మెతూషెల పుప్పొడి అద్దిన తరువాత 2020లో పండ్లు ఇచ్చింది. ఆ గింజలు అన్నాళ్ళు నిలబడడానికి ఒక ముఖ్య కారణం అక్కడి పొడి గాలి. మన ఊరిది సముద్రపు గాలి. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి చెమ్మగిల్లే ఊరిలో గింజను అలాగే కాగితంలో చుట్టి గూట్లో పెడితే ఏమవుతుంది? గింజలోని తేమ నూటికి ఒక వంతు తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటా లెక్క ఉన్నది. కాబట్టి మన తీరంలో గింజ నిల్వ విద్య అంతా ఆరబెట్టడంలోనే ఉన్నది.

ప్యాకెట్టు మీద వ్రాత

షాపులో గింజలు కొనడం తప్పు కాదు. మొదటిసారి వేసేవారికి వేరే దారి కూడా లేదు. ప్యాకెట్టు మీద బొమ్మ గాక వెనుకనున్న చిన్న అక్షరాలు చదవండి. పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, నూటికి ఎన్ని మొలుస్తాయన్న అంకె అక్కడ ఉంటాయి. పరీక్ష తేదీ నుండి తొమ్మిది నెలల వరకే ఆ చీటీ మొదటిసారి చెల్లుతుంది. టమాటా, వంగ గింజలకు నూటికి 70, బెండకు 65, మిరపకు, తీగజాతి కూరలకు 60 మొలిస్తే చాలునని ప్రమాణం. కాబట్టి పది మిరపగింజలలో నాలుగు లేవకపోతే షాపువాడితో తగవు పెట్టుకోనక్కరలేదు. అసలేవీ లేవకపోతే మాత్రం రశీదు చూపించి అడగండి. రశీదు లేకుండా ఏ విత్తనమూ కొనవద్దు.

గులాబి, ఆకుపచ్చ రంగు పూసిన గింజలు మందు పట్టించినవి. పిల్లలు ముట్టకూడదు, మిగిలినవి వండకూడదు, కోళ్ళకు వేయకూడదు. ప్యాకెట్టు చింపి చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక ప్యాకెట్టు మీద హైబ్రిడ్ అని, లేక ఎఫ్-1 అని ఉంటే దాని అర్థం తెలుసుకోవాలి. రెండు వేరువేరు రకాలను తల్లి, తండ్రిగా ఉంచి కలిపిన మొదటి తరం గింజ అది. చెట్టు బలంగా వస్తుంది, కాపు బాగుంటుంది. దాని కాయలోనుండి గింజ తీసి వేస్తే మాత్రం మరుసటి తరంలో ఒకటి తాతలాగ, ఒకటి అమ్మమ్మలాగ చెదిరిపోతుంది. ఎందుకలా అవుతుందో మొదట లెక్కగట్టినవాడు గ్రెగర్ మెండెల్ అనే మఠ సన్యాసి. ఆయన బ్రనో పట్టణంలో మఠపు తోటలోనే బఠాణీ మొక్కలు పెంచి, లెక్కబెట్టి, 1866లో ఫలితాలు అచ్చువేయించాడు. ఆయన బ్రతికినంత కాలం ఆ కాగితాన్ని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది.

గింజ కట్టుకోదలచినవారు నాటు రకాలు గాని, ప్రభుత్వ పరిశోధనా కేంద్రాలు విడుదల చేసిన సూటి రకాలు గాని అడిగి తీసుకోవాలి. పూసా రూబీ టమాటా, భాగ్యమతి వంగ, భాగ్యలక్ష్మి అని పిలిచే జి-4 మిరప, జగిత్యాల లాంగ్ బీర, పూసా దో మౌస్మి కాకర, అర్క అనామిక బెండ ఇట్టివే. బెండలో పాత పూసా సావని కంటె అర్క అనామిక మేలు. ఆకు ఈనెలు పసుపెక్కి చెట్టంతా గిడసబారే పల్లాకు తెగులును అది తట్టుకుంటుంది.

నారుమడి

ప్రతి గింజనూ నారు పోయనక్కరలేదు. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, బరబాటి, ముల్లంగి, ఆకుకూరలు, తీగజాతులు నేరుగా ఉన్నచోటే వేయాలి. టమాటా, వంగ, మిరప మాత్రం నారు పోసి పీకి నాటాలి.

మన తీరం వైపు ఇసుక నేల. నీరు పోసినది పోసినట్టు దిగిపోతుంది. ఎండాకాలంలో చెరువు మట్టి రెండు బండెడు గాని, చేతనైనన్ని తట్టలు గాని దొడ్డిలో కలుపుకొన్నవారికి తేడా తెలుస్తుంది. లోపలి ఊళ్ళలో ఎర్రనేల వానకు పొర కట్టి గట్టిపడుతుంది. మెత్తని మొలక దానిని చీల్చుకు రాలేదు. రెండింటికీ మందు ఒకటే, బాగా మాగిన గత్తం. పచ్చి పేడ వద్దు, చెదలు వస్తాయి.

నారుమడిని జానెడు ఎత్తుగా పొయ్యాలి. వానాకాలంలో నీరు నిలవకుండా ఉండడానికి ఇదే ఉపాయం. చిన్న కుటుంబానికి బారెడు పొడవు, మూరెడు వెడల్పు చాలు. గ్రాము టమాటా విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి, అన్నీ పోసి ఏమి చేసుకుంటారు? వ్రేలితో గీత గీసి, గింజ గింజకూ ఎడముంచి వేయండి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు, అంతకంటె లోతు వద్దు. ఆనప గింజ వ్రేలి కణుపు లోతు పోవచ్చు. తోటకూర గింజ మీద చారెడు పొడి మన్ను జల్లితే చాలు. తోటకూర గింజను పదింతలు ఇసుకతో కలిపి చల్లితే గుంపులుగా పడదు.

చీమలు గింజలను మోసుకుపోతాయి, ముఖ్యంగా తోటకూర, టమాటా గింజలను. మడి చుట్టూ పొయ్యిబూడిద గీత పోస్తే కొంతవరకు ఆగుతాయి. వాన పడితే గీత మళ్ళీ పోయాలి. కోళ్ళకు మాత్రం ముళ్ళకంపే జవాబు. విత్తువాని ఉపమానంలో త్రోవప్రక్కన పడిన గింజలను పక్షులు మ్రింగివేశాయని ప్రభువు చెప్పినది ఊహించి చెప్పినది కాదని దొడ్డి తోట వేసిన ప్రతివారికీ తెలుసు!

గింజ వేశాక మడిమీద పలుచగా వరిగడ్డి గాని తాటాకు గాని కప్పి, చిల్లుల డబ్బాతో నీరు జల్లాలి. టమాటా ఐదు నుండి ఎనిమిది రోజులకు, వంగ వారం పది రోజులకు, మిరప ఎనిమిది నుండి పన్నెండు రోజులకు లేస్తాయి. మొలక కనిపించిన సాయంత్రమే కప్పు తీసివేయాలి. ఒక్క రెండు రోజులు ఆలస్యమైతే వెలుతురు కోసం తెల్లగా సాగిపోయి, దారంలాగ పడిపోతాయి. ఇంకొక పాడు జబ్బు నారుకుళ్ళు. రాత్రి నిలబడి ఉన్న నారు తెల్లవారేసరికి మొదలు దగ్గర నీరుపట్టినట్టయి ఒరిగిపోతుంది. ఒత్తుగా పోయడం, సాయంత్రం పొద్దుపోయాక నీరు పెట్టడం, నీరు నిలవడం దీనికి తోడు. ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజు పొడి దొరుకుతుంది; గింజకు పట్టించి గాని గత్తంలో కలిపి గాని వాడితే తగ్గుతుంది.

కాకర, పొట్ల, ఆనప గింజల పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి వెచ్చని చోట ఉంచండి. ముక్కు పగిలినది చూసి పాదులో పెట్టండి. ధనియాన్ని చేతితో నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క గింజ.

టమాటా, వంగ నారు 25, 30 రోజులకు, మిరప 35, 40 రోజులకు నాటడానికి వస్తుంది. నాటబోయే ముందు నాలుగైదు రోజులు నీరు తగ్గించండి, కాస్త మొరటుదేలుతుంది. నాటేది ఎప్పుడూ సాయంత్రమే. ఎక్కువైన మొక్కలను పీకివేయడానికి మన స్త్రీలకు చేతులు రావు, ప్రాణం ఉసూరుమంటుందంటారు. తోటకూర అయితే పీకినది కూరలో వేయండి, వంగ నారయితే పక్కింటికి ఇవ్వండి. పీకకపోతే అన్నీ సన్నబడి ఒక్కటీ కాయదు.

కార్తె చూడవచ్చునా?

ఈ ప్రశ్న నన్ను కొందరు విశ్వాసులు అడిగారు. కార్తె అనేది సూర్యుని నడకను బట్టి సంవత్సరాన్ని ఇరవైయేడు భాగాలుగా చేసుకొన్న రైతు లెక్క. రోహిణి మే నెలాఖరుకు, మృగశిర జూన్ 7, 8 తేదీలకు, ఆరుద్ర జూన్ 21, 22కు వస్తాయి. వానకు ముందు దొడ్డి తవ్వుకోవడానికి, తొలకరికి పాదులు పెట్టుకోవడానికి ఆ లెక్క పనికివస్తుంది. జాతకం చూచుకోవడం వేరు, వాన కాలం తెలిసికోవడం వేరు. భూమి నిలిచియున్నంత వరకు వెదకాలమూ కోతకాలమూ మానవని నోవహుతో చేసిన వాగ్దానంలో (ఆదికాండము 8:22) కాలాలన్నీ ఇమిడి ఉన్నాయి.

పాదు చిక్కుడు సంగతే చూడండి. జనవరిలో వేసినా జూలైలో వేసినా తీగ పాకుతుంది, పందిరెక్కుతుంది. పూత మాత్రం పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే. అందుకనే జూలై, ఆగస్టులలో పెట్టిన చిక్కుడు చలికాలంలో విరగకాస్తుంది. వేసవిలో పెట్టి, ఆకు తప్ప కాయ లేదేమని గింజను తిట్టుకోవడం అన్యాయం. మన ప్రాంతానికి అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తరువాత పందిళ్ళు మాట అటుంచి కొబ్బరిచెట్లే మిగలలేదు గదా. అందుచేత పందిరి రాటలు గట్టివి పాతండి, గింజలన్నీ ఒకేసారి వేసేయక కొన్ని దాచుకోండి. ఉదయమందూ విత్తమని, సాయంత్రమందూ చేయి ఆపవద్దని ప్రసంగి 11వ అధ్యాయంలో ఉన్న బుద్ధి ఇదే. ఏది ఫలిస్తుందో మనకు తెలియదు.

సామర్లకోట నుండి శ్రీరాంపూరు వరకు

మనకు దగ్గరలోనే ఉన్న సామర్లకోటకు మొక్కల చరిత్రలో ఒక స్థానం ఉన్నదని చాలామందికి తెలియదు. కంపెనీ ప్రభుత్వంలో వైద్యుడైన విలియం రాక్స్‌బర్గ్ 1780లలో అక్కడ ఒక తోట వేసి మిరియం వంటివి పెంచి చూశాడు. కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల గ్రంథం మొదటి సంపుటం 1795లో లండనులో వెలువడినది. ఆయన 1793లో కలకత్తా తోటకు వెళ్ళాక సామర్లకోట తోటను చూచినవాడు బెంజమిన్ హైన్. మొరేవియను మిషనుతో తరంగంబాడికి వచ్చిన జర్మను దేశస్థుడాయన.

రాక్స్‌బర్గ్ స్నేహితుడే మన విలియం కేరీ. చెప్పులు కుట్టినవాడనీ, బైబిలు అనువాదకుడనీ, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడనీ మనం ఆయనను ఎరుగుదుము. ఆయన తోటమాలి కూడా. శ్రీరాంపూరులో ఐదెకరాల తోట పెంచాడు. రాక్స్‌బర్గ్ చనిపోయాక ఆయన వ్రాసిన భారతదేశపు మొక్కల గ్రంథాన్ని 1820 నుండి అచ్చువేయించినది కేరీయే. అదే సంవత్సరం కలకత్తాలో వ్యవసాయ, తోటల సంఘాన్ని స్థాపించాడు.

ఇంగ్లండులోని స్నేహితులను ఆయన ఎప్పుడూ అడిగేది గింజలే. ఒకసారి అట్టి గింజల సంచి వచ్చింది. గింజలన్నీ తీసుకున్నాక ఖాళీ సంచిని పారవేయకుండా నీడలో ఒక మూల నేలమీద దులిపాడు. కొద్దిరోజులకు అక్కడ డైసీ అనే చిన్న పువ్వు మొక్క లేచింది, తన చిన్ననాటి ఊరి గట్లమీద పూసే పువ్వు. మన ఎండకు ఆ మొక్క ఏడాదికేడాది బ్రతకదు గనుక ప్రతి సంవత్సరం దాని గింజ తీసి మళ్ళీ వేసుకుంటూ వచ్చాడు. 1823లో నది పొంగి తోటంతా నాశనమైతే మళ్ళీ మొదటినుండి నాటాడు. వృద్ధాప్యంలో మంచంమీద ఉండి కూడా, తాను పోయాక తోటలోకి ఆవులను తోలతారేమోనని దిగులుపడేవాడు. అది లోకాశ అని ఎవరైనా అంటారేమో గాని నేను అనలేను.

గింజ కట్టడం

ఇప్పుడు అసలు పని. తోటలో మొదటి కాపులో బలమైన, తెగులు లేని మొక్కను ఎంచి దానికి ఒక గుడ్డపీలిక కట్టండి. ఆ మొక్క కాయ కోయకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. మనవాళ్ళు చేసేది దీనికి తలక్రిందులు. మంచి కాయలన్నీ తిని, చివరకు మిగిలిన గిడస కాయను విత్తనానికి వదిలేస్తారు. అలా ఐదారేళ్ళు చేస్తే విత్తనం క్షీణించిందని అనుకుంటారు. దేవునికి తొలిపంట ఇవ్వమన్నట్టే, విత్తనానికి కూడా తొలి వరస కాయ ఇవ్వాలి.

టమాటా పండు గుజ్జును గిన్నెలో పిసికి ఒకటి రెండు రోజులు పులియనివ్వాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు కరిగి మంచి గింజ అడుగుకు దిగుతుంది. అప్పుడు కడిగి నీడలో ఆరబెట్టండి. వంకాయ పూర్తిగా పసుపురంగు తిరిగేదాకా చెట్టునే ఉంచాలి. బెండకాయ చెట్టునే ఎండి పగలబోయేటప్పుడు దారం కట్టి ఉంచితే గింజ రాలదు. ఆనపకాయ పెంకు గట్టిపడి ఊపితే గలగలమనాలి. గింజ తీశాక ఆ బుర్రే డబ్బా.

చిక్కుడు, టమాటా పువ్వులు తమ పుప్పొడితోనే తాము కాస్తాయి గనుక జాతి చెదరదు. వంగ, బెండ, మిరప కొంత చెదురుతాయి. రెండు రకాలు పక్కపక్కన వేయకండి. తీగజాతులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పురుగులే పెళ్ళి చేస్తాయి. పక్కింటి ఆనప గుండ్రనిది, మీది పొడుగుది అయితే వచ్చే యేడు ఏ రూపమో చెప్పలేము. జాతి నిలుపుకోవాలంటే సాయంత్రం విచ్చబోయే మొగ్గలను, మగదానినీ ఆడదానినీ, మధ్యాహ్నమే దారంతో కట్టాలి. పొద్దు వాలాక విప్పి పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్ళీ కట్టాలి. ఆడపువ్వు కింద వ్రేలెడంత పిందె ఉంటుంది, గుర్తుపట్టడం తేలికే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆనపకాయ చేదుగా ఉంటే కూరకు గాని రసానికి గాని వాడవద్దు, విత్తనానికీ ఉంచవద్దు. ఆ చేదు విషం. చేదు ఆనపరసం త్రాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. భారత వైద్య పరిశోధనా మండలి కూడా ఈ విషయం హెచ్చరించింది. కోసిన ముక్క నాలుకకు తాకించి చూచి, చేదైతే ఉమ్మివేసి కాయను పాతిపెట్టండి.

గింజలను గుడ్డమీద ఉదయపు ఎండలో, నీడలో మార్చిమార్చి ఆరబెట్టండి. మిట్టమధ్యాహ్నం రేకుమీద, సిమెంటుమీద పోస్తే లోపలి ప్రాణం మాడిపోతుంది. ఆనప గింజ వంచితే టక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. తరువాత గాజుసీసాలో అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు మూటకట్టి వేసి, పైన గింజల మూట పెట్టి మూత బిగించండి. ఆ బియ్యం చెమ్మను పీల్చుకుంటాయి. పెద్దవాళ్ళు వేసే బూడిద, ఎండిన వేపాకు పురుగును ఆపుతాయి, అవీ మంచివే. పేరు, సంవత్సరం చీటీ మీద వ్రాసి సీసాలో వేయడం మరవద్దు. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడు మొలిస్తే ధైర్యంగా వేయండి, నాలుగే మొలిస్తే రెట్టింపు వేయండి.

కన్నీళ్ళు విడుచుచు విత్తేవారిని గూర్చి 126వ కీర్తనలో ఉన్నది. విత్తేటప్పుడు ఏడుపెందుకు? కరువులో పిల్లలకు వండిపెట్టగల గింజను మన్నులో పోయవలసి వచ్చినందుకు. 1941 నుండి 1944 వరకు లెనిన్‌గ్రాడు నగరం ముట్టడిలో ఉన్నప్పుడు అక్కడి విత్తన సంస్థలో పనివారు టన్నులకొద్దీ గింజల మధ్య ఆకలితో కాపలా ఉన్నారు. కొందరు చనిపోయారు; వారిలో వరి విత్తనాల బాధ్యత చూచినవాడు ఒకడు. విత్తనం ముట్టలేదు.

మన దేశంలో 2001లో చేసిన మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవడానికి, మళ్ళీ విత్తడానికి, ఇతరులకు ఇచ్చిపుచ్చుకోవడానికి హక్కు ఉన్నది. కంపెనీ ముద్ర వేసి అమ్మకూడదు, అంతే. కాబట్టి ఇరుగుపొరుగుకు గింజ ఇవ్వడానికి ఎవరూ జంకనక్కరలేదు.

మా సంఘంలో కోత పండుగకు కూరగాయలు, కొబ్బరికాయలు, కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన తరువాత వేలం వేయడం ఎప్పటినుండో ఉన్నది. దానితోపాటు ఇప్పుడు గుమ్మం పక్కన ఒక బల్ల వేసి గింజల పొట్లాలు ఉంచుతున్నాము. వేలం లేదు, ధర లేదు. ఒక పొట్లం పెట్టినవారు ఒకటి తీసుకుంటారు, పెట్టడానికి లేనివారు ఊరికే తీసుకుంటారు. మొదటి యేడు గోంగూర గింజలు తప్ప రాలేదు. కిందటిసారి ఎర్ర తోటకూర, తెల్ల వంగ, బరబాటి, నేతిబీర, రెండు రకాల చిక్కుడు వచ్చాయి. కాలనీలోని ఆ వృద్ధురాలు తన బుర్రలోనుండి పన్నెండు పొట్ల గింజలు లెక్కబెట్టి తెచ్చింది, ఆరు ఇళ్ళకు రెండేసి. వాటిలో నాలుగు ఇళ్ళలో తీగ పందిరెక్కినదని తెలిసింది. కాయకు రాయి కట్టి వేలాడదీయడం ఆమే వెళ్ళి ఆ కోడళ్ళకు చూపించింది. విత్తనానికి వదిలిన కాయలు ఇంకా పండలేదు. పాత పొడుగు ఆనప గింజలు, దేశవాళీ కాకర గింజలు ఎవరి ఇంట ఉన్నా ఈ యేడు మృగశిరకు ముందు ఒక గుప్పెడు చేరవేస్తే, అడిగి పెట్టుకొన్నవారు పదకొండు మంది ఉన్నారు.